మతం అన్న గడిలో ఏం వ్రాయాలి?

క్రిందటి దీపావళికి మన సంఘం అద్దెకు తీసుకున్న బడి భోజనశాలలో పులిహోర పళ్ళెం పట్టుకొని నిలబడి ఉండగా, ఒక మిత్రుడు నన్ను పక్కకు పిలిచారు. ఇరవై ఏళ్ళకు పైబడిన స్నేహం మాది. “ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీవాళ్ళలో చాలామంది ఆదివారం నాడు క్రైస్తవులు, సర్టిఫికెట్లలో మాత్రం హిందువులు అంటారు. నిజమేనా?” అన్నారు. ఎగతాళిగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగారు. నేను నవ్వేసి, “ముందు భోజనం కానివ్వండి, చల్లారిపోతోంది” అన్నాను. ఆయనా నవ్వి ఊరుకున్నారు.

ఇంటికి వచ్చాక ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వలేదు. అబద్ధం ఆడలేదు నిజమే, కాని నిజమూ చెప్పలేదు. క్రిస్మస్ సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకులు అడిగినప్పుడు ప్రేమ గురించో, శాంతి గురించో నాలుగు మంచి మాటలు వ్రాద్దామనుకున్నాను. కాని ఆ మిత్రుడికి ఇవ్వవలసిన జవాబు బాకీ పెట్టుకొని ప్రేమ గురించి వ్రాయడం సబబు కాదనిపించింది. కనుక ఇది ఆయనకు జవాబు. ఈ పత్రిక చదివేవారిలో క్రైస్తవులు కొద్దిమందే. అయినా విషయం అందరిదీ అనే నమ్మకంతో వ్రాస్తున్నాను.

తెలుగు బైబిలులో ఏసుక్రీస్తు కోపంతో వాడిన మాట ఒకటుంది: వేషధారి. మూలమైన గ్రీకు భాషలో ఆ మాటకు నాటకాల్లో వేషం కట్టేవాడని అర్థం. మనవాళ్ళు అనువాదంలో పెట్టిన మాట ఎంత చక్కగా అతికిందో చూడండి. మనం చిన్నప్పుడు చూసిన పగటివేషగాళ్ళు ఒక రోజు అర్ధనారీశ్వరుడై, ఇంకొక రోజు షరాబై ఊళ్ళో తిరిగేవారు. వాళ్ళు ఎవరినీ మోసం చేసినవారు కారు. వేషమని వాళ్ళకూ తెలుసు, మనకూ తెలుసు. సాయంత్రానికి రంగు కడుక్కొని తమ మనుషులుగా తాము అన్నం తినేవారు. రంగు కడుక్కోవడం మరిచిపోయి, అదే తన ముఖమని నమ్మడం మొదలుపెట్టినవాడితోనే చిక్కు. ఏసు సుంకం వసూలు చేసేవారితో, పాపులని పేరుపడ్డవారితో కలిసి భోజనానికి కూర్చున్నాడు. ఆయన కఠినంగా మాట్లాడింది నలుగురూ చూసేటట్టు వీధి మూలల్లో నిలబడి ప్రార్థన చేసేవారితో. మనసు శుభ్రంగా లేని పూజ వృథా అని మన వేమన మొగం మీద చెప్పినట్టు చెప్పాడు. అందుచేత చిత్తశుద్ధి క్రైస్తవుల సొంత ఆస్తి అని నేను అనను.

అయితే క్రైస్తవ విశ్వాసానికి చిత్తశుద్ధితో ప్రత్యేకమైన పని ఒకటుంది. ఈ విశ్వాసంలోకి వెళ్ళే గుమ్మమే ఒప్పుకోలు. పరిసయ్యుడూ సుంకరీ గుడికి వెళ్ళిన ఉపమానం చాలామందికి తెలిసే ఉంటుంది. పరిసయ్యుడు తన ఉపవాసాలూ దశమభాగాలూ లెక్క చెప్పుకున్నాడు. ఆ లెక్క తప్పని కథలో ఎక్కడా లేదు. సుంకరి కన్నెత్తి పైకి చూడకుండా, తాను పాపినని మాత్రం చెప్పుకున్నాడు. నీతిమంతుడుగా ఇంటికి వెళ్ళింది సుంకరే. అంటే ఇక్కడ దేవుడు అడిగే మొదటి కానుక మంచితనం కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. అది లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా గుమ్మం బయటే ఉన్నట్టు.

అపొస్తలుల కార్యములలో అననీయ, సప్పీరా అనే దంపతుల కథ వస్తుంది. పొలం అమ్మి, సొమ్ములో కొంత దాచుకొని, మిగిలినది తెచ్చి మొత్తం ఇదే అన్నట్టు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టారు. పేతురు వాళ్ళను అడిగినది గమనించండి. అమ్మక ముందు పొలం మీదే, అమ్మిన తర్వాత సొమ్మూ మీదే, ఎవరు బలవంతం చేశారు అని. తక్కువ ఇచ్చినందుకు కాదు వాళ్ళ మీద నేరం. కొంతను మొత్తమని చూపినందుకు. ఈ కథ దగ్గరకు మళ్ళీ వస్తాను. ఎందుకంటే ఇది నా కథ కూడా.

మాది ఒంగోలు ప్రాంతం. 1876 నుంచి 1878 దాకా దక్షిణదేశాన్ని కుదిపేసిన కరువులో ఆ ప్రాంతం మలమల మాడిపోయింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషను పెద్దగా ఉన్న జాన్ క్లౌ సర్వే పని తెలిసిన మనిషి. ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని చూపించి కూలి ఇప్పించారు. వచ్చినవారిలో మాదిగలు ఎక్కువ, ఇతర కులాలవారూ ఉన్నారు. కాలువ గట్టున సాయంత్రాలు బోధ విన్నవారు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌగారు ఇవ్వలేదు. కరువు సాయం జరుగుతున్నంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశారు. గంజి కోసం మతంలోకి వచ్చారని రేపు ఎవరూ అనకూడదు. అంతకంటే ముఖ్యంగా, వచ్చినవాడికి తన మీద తనకు ఆ అనుమానం ఉండకూడదు. సాయం ముగిసింది, ఇక డబ్బు లేదు అని తెలిసిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జులై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలో దిగారు. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

ఆ రెండు వేలమందిలో మా ముత్తాతగారు ఒకరని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయనకు ఆకలి లేదని నేను అనను. చెప్పుల పని చేసుకునే మనిషికి ఊరి బావి దగ్గర నిలబడే హక్కు లేని కాలంలో, తన బిడ్డ బడికి వెళతాడనే ఆశ లేకుండా ఉంటుందా? ఉండే ఉంటుంది. మర్యాద కోసం ఆశపడడం కపటం కాదు. క్లౌగారు చేసిన మేలు ఏమిటంటే, గంజినీ బాప్తిస్మాన్నీ వేరువేరు రోజుల్లో పెట్టారు. దానితో మా ముత్తాత తలెత్తుకొని “నేను నమ్మే వచ్చాను” అని చెప్పుకోగలిగాడు. ఆ మాటే మా ఇంటికి ఆస్తి.

ఇక్కడినుంచి చెప్పవలసినది చెప్పడం కష్టం.

1950లో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం, హిందూ మతం కాక వేరే మతం పాటించేవారిని షెడ్యూల్డు కులంవారుగా లెక్కించరు. పంజాబులోని కొన్ని సిక్కు కులాలకు అప్పుడే మినహాయింపు ఇచ్చారు. 1956లో సిక్కులందరికీ, 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకూ ముస్లిములకూ తెరుచుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో, క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారిని వెనుకబడిన తరగతుల్లో “సి” గ్రూపుగా పెట్టి నూటికి ఒక్క సీటు ఇచ్చారు. అంటే క్లౌగారి కాలంలో గంజి కోసం క్రైస్తవుడయ్యాడన్న నింద ఉండేది. 1950 తర్వాత క్రైస్తవుడని చెప్పుకున్నవాడికి గంజి పోయింది. బాప్తిస్మంతో కులం పోయిందని కాగితం అంటుంది. పల్లె చివర మా ఇళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. బావి దగ్గర మమ్మల్ని చూసే చూపు మారలేదు. ఎవరినో ఎందుకనాలి, మా సంఘాల్లోనే కులం చూసి సంబంధాలు కలుపుకుంటారు. కులం లేదని చట్టం అనేదీ నిజం కాదు, కులం లేదని మేము పులిపీఠం మీదనుంచి అనేదీ నిజం కాదు.

మా నాన్నగారు మిషను బడిలో పంతులు. ఆదివారం ఆరాధనలో వాక్యం చదవడం ఆయన పని. మైకు లేని రోజుల్లో ఆయన గొంతు చివరి వరుసదాకా వినిపించేది. అన్నయ్య ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలో మతం అన్నచోట ఆయన క్రైస్తవుడనే వ్రాయించారు. అన్నయ్య నాకంటే తెలివైనవాడు. కాలేజీలో చేరడానికి స్కాలర్‌షిప్పు రాలేదు. ట్రెయినింగు చేసి ఎలిమెంటరీ బడిలో పంతులయ్యాడు. నాలుగేళ్ళకు నా వంతు వచ్చింది. హెడ్మాస్టరుగారు మంచి మనిషి. నాన్నగారిని తన గదిలోకి పిలిచి, “అయ్యవారూ, ఈ గడిలో ఏం వ్రాయమంటారు? నిదానంగా ఆలోచించుకొని రేపు చెప్పండి” అన్నారు. మర్నాడు నాన్నగారు చెప్పినది ఆయన వ్రాశారు. చర్చి రిజిస్టరులో ఉన్న పేరు కాక, బళ్ళో పిలిచే పేరు ఒక్కటే ఉంచారు. దాని పక్కన హిందూ, మాదిగ అని వ్రాశారు.

ఆ కాగితం మీద నాకు ఇంజనీరింగు సీటు వచ్చింది, హాస్టలు వచ్చింది, చివరకు 1972లో ఈ దేశానికి విమానం టిక్కెట్టూ వచ్చింది. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఒక్కటి మాత్రం జరిగింది. ఆ తర్వాతి ఆదివారం నుంచి నాన్నగారు వాక్యం చదవడం మానేశారు. గొంతు బాగాలేదని అన్నారు. పోయేదాకా ఆ గొంతు బాగుపడలేదు. చర్చికి మానలేదు, కానుక మానలేదు, కుటుంబ ప్రార్థన మానలేదు. వెనక బెంచీలో కూర్చొని వినేవారు, అంతే.

ఇది తప్పా అని మీరు అడగవచ్చు. నన్ను నేను కూడా అడిగాను. అన్యాయమైన నిబంధన ముందు బీదవాడు ఆడిన అబద్ధాన్ని పాపమనవచ్చునా? మావాళ్ళలో కొందరు నిర్గమకాండంలోని మంత్రసానుల్ని సాక్ష్యం తెస్తారు. హెబ్రీయుల మగపిల్లల్ని చంపమని ఫరో ఆజ్ఞాపిస్తే, వాళ్ళు బొంకి ఆ పిల్లల్ని కాపాడారు. దేవుడు వాళ్ళకు మేలు చేశాడు. ఈ వాదంలో బలం ఉంది. 2024లో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ హిందువునని చెప్పి షెడ్యూల్డు కులం సర్టిఫికెట్టు కోరిన ఒక అప్పీలును కొట్టివేస్తూ, అది రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. చట్టం దృష్టిలో జవాబు అది. కాని నేను అడుగుతున్నది చట్టం గురించి కాదు. అబద్ధం ఆడినవాడి లోపల ఏమవుతుందన్నది నా ప్రశ్న. మంత్రసానులు ఫరోతో బొంకారు గాని తమతో తాము బొంకలేదు. దేవుడి ముందు నోరు మూసుకోవలసిన అవసరం వాళ్ళకు రాలేదు. మా నాన్నగారికి వచ్చింది. ఆయన చేసినదాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఆ అన్నం తిని పెరిగినవాణ్ణి. కాని ఆయన చెల్లించిన వెల ఎంతో నేను చూశాను. దేవుడు ఆయన్ను శిక్షించాడని నేను అనుకోను. తన నోటితో చదివే మాటకూ, తన చేత్తో వ్రాయించిన మాటకూ పొత్తు కుదరక ఆయనే తప్పుకున్నారు. అది చిత్తశుద్ధి ఉన్న మనిషి లక్షణం. లేనివాడైతే మరుసటి ఆదివారం ఇంకా గట్టిగా చదివేవాడు.

ఆ గట్టిగా చదివినవాణ్ణి నేను. ఇక్కడికి వచ్చాక, తెలుగు ఆరాధనల్లో, కృతజ్ఞతా కూడికల్లో, సాక్ష్యం చెప్పమని నన్ను ఎన్నోసార్లు పిలిచారు. పూరింట్లో పుట్టాను, కిరసనాయిలు దీపం కింద చదివాను, దేవుడు నన్ను ఇంతవాణ్ణి చేశాడు అని చెప్పేవాణ్ణి. అందరూ ఆమెన్ అనేవారు. కొందరు కళ్ళు తుడుచుకునేవారు. చెప్పిన ప్రతి మాటా నిజమే. కాని ఆ గడి సంగతి చెప్పలేదు. అన్నయ్య సంగతి చెప్పలేదు. కొంత తెచ్చి, మొత్తం ఇదే అని పాదాల దగ్గర పెట్టాను. అననీయ కథ నా కథ అన్నది అందుకే. నాన్నగారు ఆడిన అబద్ధంలో కొడుకు ఆకలి ఉంది. నా సాక్ష్యంలో ఏ ఆకలీ లేదు, మెప్పు కోసం తప్ప. ఈ దేశంలో నన్ను కులం అడిగినవాడు లేడు, సీటు లాక్కునేవాడు లేడు. నిజం చెప్పడానికి పైసా ఖర్చు కాని చోట కూడా చెప్పలేదంటే, మొదటి అబద్ధం ఎంత లోపలికి దిగిందో మీరే ఊహించండి.

బీదవాడి అబద్ధాన్ని గురించి మాట్లాడే ముందు కడుపు నిండినవాడు తన సంగతి చూసుకోవాలి. మనలో ఎవరికీ ఇవాళ ఆ హెడ్మాస్టరు గది లేదు. అయినా గడులు వస్తూనే ఉంటాయి. కస్టమ్స్ కాగితం మీద తెచ్చిన నగ వెల వ్రాయాలి. పన్ను లెక్కలో చర్చికో గుడికో ఇచ్చిన విరాళం ఎంతో వ్రాయాలి. పిల్లవాడికి మంచి బడి కోసం ఏ వీధిలో ఉంటున్నామో వ్రాయాలి. కొన్నేళ్ళ క్రితం మా బంధువుల అబ్బాయి తాను నా క్రింద రెండేళ్ళు పనిచేసినట్టు ఉత్తరం ఇమ్మని అడిగాడు. పనిచేయలేదు. ఇవ్వలేనన్నాను. “మీరు సర్టిఫికెట్టు మీదే కదా బాబాయ్ ఇంతదూరం వచ్చింది” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాడు అన్నది నిజమే. ఆ నిజం నేను ముందే చెప్పి ఉంటే, వాడు దాన్ని నా మీదికి రాయిలాగా విసరగలిగేవాడు కాడు.

ఏం చెయ్యాలి మరి? జక్కయ్య కథ ఇందుకు దారి చూపుతుంది. ఆయన సుంకం వసూళ్ళలో ధనవంతుడైనవాడు. ఏసు తన ఇంటికి వచ్చినప్పుడు అందరి ముందూ లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకొని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తాననీ అన్నాడు. బాధపడి ఊరుకోలేదు, లెక్క కట్టాడు. నేనూ లెక్క కట్టడానికి ప్రయత్నించాను. ఒక సీటును నాలుగంతలు చేసి ఎవరికి తిరిగి ఇవ్వాలి? ఆ ఏడు నా బదులు చేరవలసిన కుర్రవాడు ఎవరో నాకు తెలియదు. మా పల్లెవంటి పల్లెలోంచే వచ్చి ఉంటాడు. తెలిసినవాడు మా అన్నయ్య ఒక్కడే.

ఆ మధ్య ఊరు వెళ్ళినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద అన్నయ్య పక్కన కూర్చొని అంతా చెప్పాను. నీకు రానిది నాకు వచ్చింది, దొంగతనంగా వచ్చింది అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నాకు తెలుసు లేరా. వ్రాయించే ముందు నాన్న నన్ను అడిగాడు. నేనే వ్రాయించమన్నాను. కాకపోతే వాక్యం చదవడం మానేస్తాడనుకోలేదు” అన్నాడు. అరవై ఏళ్ళు ఆయన మోసినది అది. నా సీటు గురించి ఆయనకు బాధ లేదు. నాన్న గొంతు గురించి ఉంది.

ఆ రాత్రి నుంచి నాకు ఒకటి తెలిసింది. నిజాయితీ అంటే నన్ను నేను మంచివాణ్ణని రుజువు చేసుకోవడం కాదు. నా వెనక ఎవరెవరు ఏమేమి చెల్లించారో దాచకుండా చెప్పడం. నేను దాచినన్నాళ్ళూ అన్నయ్య త్యాగం కూడా దాగి ఉంది. దేవుడు చేశాడని నేను సాక్ష్యం చెప్పినప్పుడల్లా, దేవుడు ఎవరి చేత చేయించాడో ఆ మనిషి పేరు కొట్టేశాను. మా ప్రాంతంలోని నలుగురు పిల్లల చదువుకు ఇప్పుడు ఖర్చు పెడుతున్నాము, నా భార్యా నేనూ. వాళ్ళ కాగితంలో ఏమి వ్రాసి ఉందో మేము అడగం. అది నాలుగంతలు అవుతుందో కాదో నాకు తెలియదు. మా పిల్లల్ని కూర్చోబెట్టి ఆ గడి సంగతి చెప్పాము. పెద్దమ్మాయి, “అయితే పెదనాన్న ఫోటో హాల్లో ఎందుకు లేదు?” అంది. ఇప్పుడు ఉంది.

క్రిస్మస్ కథ మొదలయ్యేది కూడా కాగితాల దగ్గరే. లోకమంతా ప్రజాసంఖ్య వ్రాయాలని చక్రవర్తి ఆజ్ఞ. దావీదు వంశంలోనివాడు కనుక యోసేపు, నిండు చూలాలిని వెంటబెట్టుకొని, తనకు చోటు దొరకని ఊరికి పేరు వ్రాయించుకోవడానికి వెళ్ళాడు. ఆ శిశువు పుట్టింది ఆ ప్రయాణంలోనే. చిన్నప్పుడు ఈ భాగం నాన్నగారు చదువుతుంటే వినేవాణ్ణి. ఈసారి మా కూడికలో చదవమని నన్ను అడిగారు. చదువుతానన్నాను. చదివే ముందు, మీకు చెప్పినదే వాళ్ళకూ చెబుతాను.

మిత్రమా, మీరు అడిగినది నిజమే. అలాంటివారిలో నేనొకణ్ణి. ఆ రోజు భోజనం చల్లారిపోయి ఉండవలసింది. ఈసారి మా ఇంటికి రండి, నిదానంగా మాట్లాడుకుందాం.